పాత బోర్డుకు కొత్త భాష

మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. మా అక్క దాని మీదనే ఊరోళ్ళకు స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, సర్టిఫికెట్ల దరఖాస్తులు నింపి ఇస్తుంది. ఇంటి ఖర్చులో కొంత దానితోనే జరుగుతుంది. పోయిన సంవత్సరం దాని హార్డ్ డిస్కు గరగరమని శబ్దం చేయడం మొదలుపెట్టింది. అంగడిలో అడిగితే, "ఇంక దీన్ని పారేసి కొత్తది కొనుక్కోండి" అన్నారు. అంత డబ్బు మా దగ్గర లేదు.

అప్పుడు బెంగుళూరులో పనిచేసే మా చిన్నాన్న, తన ల్యాప్‌టాప్‌లోనుంచి తీసిన ఒక ఎన్‌వీఎమ్‌ఈ డిస్కు తెచ్చి ఇచ్చినాడు. చూయింగ్ గమ్ బిళ్ళంత ఉంది. చిన్న కార్డులో దాన్ని పెట్టి బోర్డుకు తగిలిస్తే, విండోస్‌లో కనిపించింది. కానీ దానిమీదనుంచి కంప్యూటర్ మొదలు కాలేదు. ఎందుకని నేను అడిగినాను. జవాబు తెలుసుకోవాలంటే చరిత్రలోకి పోవాలి.

1956లో ఐబీఎమ్ వాళ్ళు మొదటి హార్డ్ డిస్కు యంత్రం రామాక్ తెచ్చారు. అందులో 50 పళ్ళేలు ఉండేవి, పట్టింది 50 లక్షల అక్షరాలే. 1981లో ఐబీఎమ్ పీసీ వచ్చింది. కరెంటు రాగానే ప్రాసెసర్ మొదట చదివేది బోర్డు మీది చిన్న చిప్పులోని బయోస్ అనే ప్రోగ్రామును. బయోస్ అన్న పేరు అంతకుముందే గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎమ్ కోసం వాడినాడు. ఇతర కంపెనీలు కూడా బయోస్ రాసుకున్నాయి. వాటిలో అమెరికన్ మెగాట్రెండ్స్ ఒకటి. దాన్ని 1985లో స్థాపించిన ఇద్దరిలో సుబ్రమణియన్ శంకర్ ఒకరు. ఆ కంపెనీకి మన చెన్నైలో కూడా ఆఫీసు ఉంది.

తరువాత డిస్కులు మారినాయి. 2003లో సాటా వచ్చింది. 2005లో బయోస్ స్థానంలోకి యూఈఎఫ్‌ఐ తేవడానికి కంపెనీలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. 2011 మార్చి 1న ఎన్‌వీఎమ్‌ఈ మొదటి నియమావళి వెలువడింది. సాటా పద్ధతిలో ఆజ్ఞల వరుస ఒకటే, అందులో 32 ఆజ్ఞలు. ఎన్‌వీఎమ్‌ఈలో వేల వరుసలు, ఒక్కో వరుసలో వేల ఆజ్ఞలు. అందుకే అంత వేగం.

మా బోర్డు కూడా 2011లో వచ్చిన హెచ్ 61 రకందే. కొత్త డిస్కు భాష పుట్టిన ఏడే అది కూడా వచ్చింది, అందుకే ఆ భాష దానికి రాదు. మా అవ్వకు తెలుగు, తమిళం వచ్చు, కన్నడ రాదు. కన్నడాయన ఇంటికి వస్తే గడప దగ్గరే నిలబెడుతుంది. మా బోర్డు కూడా అట్లే చేసింది. ఒకసారి లోపలికి వచ్చేస్తే కష్టం లేదు, విండోస్ 10కు ఆ భాష వచ్చు.

దీనికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది, చిప్పులోని యూఈఎఫ్‌ఐ ఫైలు తీసి, అందులో ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవరు చేర్చి, మళ్ళీ చిప్పులో రాయడం. మెమరీలో చోటు ఉండాలి, ఫైలు సరిగ్గా ఉండాలి. రాస్తుండగా కరెంటు పోతే బోర్డు మొదలే కాదు. అప్పుడు ప్రోగ్రామర్ అనే పరికరాన్ని చిప్పుకు తగిలించి మళ్ళీ రాయాల్సిందే. రెండో దారి, పెన్‌డ్రైవులో క్లోవర్ అనే లోడరును పెట్టుకోవడం. బోర్డు పెన్‌డ్రైవును చదువుతుంది, పెన్‌డ్రైవులోని డ్రైవరు కొత్త డిస్కును చదువుతుంది. చిప్పును ముట్టుకోనక్కరలేదు.

చిన్నాన్న మొదటిదే బాగుంటుంది అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "మన ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు? ఈ మిషను పోతే నా పని పోతుంది చిన్నాన్నా" అంది. ఆయన కాసేపు ఆలోచించి, "నువ్వు చెప్పిందే సరి" అన్నాడు. ముందు అక్క ఫైళ్ళన్నీ వేరే చోట దాచినాము. తరువాత పెన్‌డ్రైవు సిద్ధం చేసినాము. రెండుసార్లు తప్పు జరిగింది. మూడోసారి విండోస్ తెరుచుకుంది. ముందు నాలుగు నిమిషాలు పట్టేది, ఇప్పుడు నిమిషం లోపలే.

పెన్‌డ్రైవు ఎప్పుడూ తగిలించే ఉండాలి. మా తమ్ముడు పీకేస్తాడని అక్క దానిమీద "ముట్టుకోవద్దు" అని చీటీ అంటించింది.

చరిత్ర అంటే రాజులదే అనుకునేవాడిని. మా ఇంటి టేబుల్ మీద కూడా 1956 నుంచి నేటిదాకా చరిత్ర ఉందని ఇప్పుడు తెలిసింది. పాతదాన్ని పారేసే ముందు, అది ఎందుకు ఆగిందో ఒకసారి అడిగి చూడండి.