పంచాంగమూ దుర్భిణీ – ఒక పాత లెక్క తనిఖీ

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యదర్శి గారు కోరారు. పెన్షన్ రూల్సు గురించి, కరువు భత్యం బకాయిల గురించి సాధికారంగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను వేరే దారి పట్టాను. మతానికీ శాస్త్రానికీ ఆది నుంచీ వైరమేనని మన ఇళ్ళలో కుర్రవాళ్ళు అంటారు. అదేమీ లేదు, ఉన్న శాస్త్రమంతా మన పూర్వీకులు ముందే చెప్పేశారని మనలో కొందరం అంటాం. చరిత్ర పుటలు తిరగేస్తే ఈ రెండు మాటలూ నిలబడవు. నేను ఖజానా శాఖలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. పెద్ద సిద్ధాంతాలు నాకు తెలియవు. పుస్తకంలో నిల్వకూ, పెట్టెలో నిల్వకూ తేడా వస్తే ఏం చేయాలో మాత్రం తెలుసు. ఆ కొద్దిపాటి జ్ఞానంతోనే, మన అందరి ఇళ్ళలో ఉండే పంచాంగాన్ని తీసుకుని ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం – ఈ అయిదూ కలిస్తే పంచాంగం. దాని అవసరం మతానిది. ఏకాదశి ఎప్పుడు, తండ్రిగారి తద్దినం ఎప్పుడు, పెళ్ళి ముహూర్తం ఎప్పుడు అని తెలుసుకోవడానికే అది పుట్టింది. కానీ లోపల ఉన్నదంతా ఆకాశ గణితం. చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. ఈ లెక్క కోసమే మన దేశంలో ఖగోళ శాస్త్రం వందల ఏళ్ళు పోషింపబడింది. కనుక మతం శాస్త్రాన్ని అణచిందనే ముందు, అన్నం పెట్టినదీ అదేనని ఒప్పుకోవాలి.

అయితే తిథి కంటికి కనబడదు. గంట అటూ ఇటూ అయినా ఎవరూ పట్టుకోలేరు. గ్రహణం అలా కాదు. సిద్ధాంతి గారు చెప్పిన వేళకు పట్టకపోతే ఊరంతా చూస్తుంది. ఆడిటు పార్టీ వచ్చి పెట్టె తెరిపించినట్లే అన్నమాట.

క్రీ.శ. 499లో ఇరవై మూడేళ్ళ వయసులో ఆర్యభటుడు తన గ్రంథం రాశాడు. సూర్యుణ్ణి చంద్రుడు కప్పితే సూర్యగ్రహణం, భూమి నీడ చంద్రుణ్ణి కప్పితే చంద్రగ్రహణం అని అందులో స్పష్టంగా చెప్పాడు. తరువాతి శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో అదే మాట చెప్పి, గ్రహణానికి రాహువు కారణం కాదన్నాడు. కానీ అక్కడితో ఆగలేదు. గ్రహణ సమయంలో జరిగే దాన హోమాల్లో రాహువుకు భాగం ఉండేటట్లు బ్రహ్మ వరమిచ్చాడని కూడా చేర్చాడు. కారణం శాస్త్రానికి, ఆచారం మతానికి పంచి ఇచ్చాడన్నమాట.

628లో బ్రహ్మగుప్తుడు ఇంకో అడుగు వెనక్కు వేశాడు. రాహువును కాదనేవారు వేదస్మృతులకు దూరమైనవారని మందలించాడు. ఆ మందలించిన గ్రంథంలోనే గ్రహణం లెక్క మాత్రం భూమి నీడను బట్టే కట్టాడు! సుమారు 1030 ప్రాంతంలో మన దేశం గురించి రాసిన అల్ బిరూనీ ఈ సంగతి గమనించాడు. ఇంత గణితం తెలిసినవాడు ఇలా రాయడం జనంతో సరిపెట్టుకోవడానికే అయి ఉండాలని అభిప్రాయపడ్డాడు. ఉద్యోగం చేసిన మనకు ఆ ఇబ్బంది అర్థం కానిది కాదు. ఫైలులో నోటు ఒకటి, నోటితో చెప్పేది ఒకటి. ఇక రాహుకేతువులను గణితజ్ఞులు చంద్రుని దారి సూర్యుని దారిని ఖండించే రెండు బిందువులుగా చేసుకున్నారు. చంద్రుని దారి దాదాపు 5 డిగ్రీలు వాలి ఉండడం వల్లనే ప్రతి అమావాస్యకూ గ్రహణం పట్టదు. పురాణంలో పేర్లు అలాగే ఉన్నాయి, లెక్క సాగిపోయింది.

ఆ లెక్క కట్టే విద్య ఎంత గట్టిదంటే, 1825లో ఒక తమిళ పంచాంగకర్త పుదుచ్చేరిలో ఒక తెల్లదొర ఎదుట నేల మీద గవ్వలు పేర్చుకుంటూ చంద్రగ్రహణం గణించాడు. కాగితం లేదు, కలం లేదు, అంతా కంఠస్థం చేసిన పట్టికలు. పట్టు సమయం 4 నిమిషాల తేడాతో సరిపోయింది. కానీ విడుపు సమయం 52 నిమిషాలు తప్పింది. నాకు ఈ రెండు అంకెలూ ముఖ్యమే. మొదటిది గర్వించదగినది, రెండవది ఆలోచించదగినది. పాత పట్టికలను అనేక తరాలు వల్లించారు గాని, ఆకాశం వంక చూసి సరిదిద్దడం మానేశారు. క్యాష్‌బుక్కు చక్కగా రాస్తున్నారు, పెట్టె తెరవడం లేదు.

దీనికి పెద్ద నిదర్శనం మన సంక్రాంతి. సూర్యసిద్ధాంతం ప్రకారం సంవత్సరం 365.258756 రోజులు. ఋతువులను బట్టి అసలు సంవత్సరం 365.2422 రోజులు. ఏడాదికి సుమారు 24 నిమిషాల తేడా. షష్టిపూర్తి నాటికి ఒక రోజు! ఇందులో ఎక్కువ భాగం అయన చలనం వల్ల, సుమారు మూడున్నర నిమిషాలు మాత్రం గణిత దోషం వల్ల. ఇలా పోగుపడి, సూర్యుడు ఉత్తరానికి తిరిగే రోజు డిసెంబరు 22 ప్రాంతంలో ఉంటే మన ఉత్తరాయణ పుణ్యకాలం జనవరి 14, 15 తేదీలకు చేరింది. నక్షత్రాలను బట్టి సంవత్సరం లెక్కించడం తప్పని నేను అనడం లేదు. ఉత్తరాయణం అని పేరు పెట్టాక సూర్యుడు తిరిగిన రోజు ఏదో కూడా తెలిసి ఉండాలంటున్నాను.

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. క్రైస్తవులకు ఈస్టరు పండుగ వసంతంలో సమరాత్రి దినాన్ని బట్టి వస్తుంది. వారి పాత క్యాలెండరు కూడా జారిపోయి పండుగ తప్పుతుంటే, పోప్ 13వ గ్రెగరీ జ్యోతిశ్శాస్త్రజ్ఞులను కూర్చోబెట్టి దిద్దించారు. 1582 అక్టోబరు 4 తరువాతి రోజును 15గా ప్రకటించారు. సంస్కరించినది మతగురువు, పోప్ చెప్పాడన్న కోపంతో ప్రొటెస్టెంటు దేశాలు చాలాకాలం పాటించలేదు. ఇంగ్లండు 1752 వరకు ఆగింది. అదే చర్చి 1633లో, భూమి తిరుగుతోందన్నందుకు గెలీలియోకు శిక్ష వేసింది. అతనికి ముందు 1543లో ఆ మాట గ్రంథరూపంలో చెప్పిన కోపర్నికస్ చర్చి ఉద్యోగే. శిక్ష వేసిన ఇరవై రెండేళ్ళకు, బొలోన్యా నగరంలోని పెద్ద చర్చిలో నేల మీద కాసిని మహాశయుడు గీత గీసి, కప్పు రంధ్రం గుండా పడే సూర్యకిరణంతో సంవత్సర ప్రమాణం కొలిచాడు. గెలీలియో విషయంలో పొరపాటు జరిగిందని పోప్ రెండవ జాన్ పాల్ 1992లో అంగీకరించారు. ఒకే ఇంట్లో ఒక గదిలో శిక్ష, ఇంకో గదిలో పరిశోధన. దీన్ని ఒక్క మాటలో వైరమనీ అనలేం, స్నేహమనీ అనలేం.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా వెళ్ళింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్, ఆంగ్లేయుల తరఫున టెనెంట్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. జాన్సెన్ వర్ణపట యంత్రంతో సూర్యుని అంచున ఎగసే జ్వాలలను పరీక్షించి, అవి వాయువులని తెలుసుకున్నాడు. మరునాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్ళీ చూడగలిగాడు. ఆ గ్రహణంలో పలువురు చూసిన ఒక పసుపు గీత తెలిసిన ఏ పదార్థానికీ సరిపోలలేదు. అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ దాన్ని పరిశీలించాడు. సూర్యుని గ్రీకు పేరు మీద ఆ పదార్థానికి హీలియం అని నామకరణం అయింది. భూమి మీద దాన్ని రామ్సే 1895లో పట్టుకున్నాడు. గుంటూరులో జనం విడుపు స్నానానికి ఎదురుచూస్తున్న వేళలోనే ఈ పని జరిగింది.

ఆ రోజే మరొక దళం నిజాం రాజ్యంలోని వనపర్తిలో పరిశీలన చేసింది. దానికి నాయకుడు చింతామణి రఘునాథాచారి. మద్రాసు వేధశాలలో చిన్న ఉద్యోగిగా చేరి ప్రథమ సహాయకుడి స్థాయికి ఎదిగినవాడు. 1867లో కాంతి మారే ఒక కొత్త నక్షత్రాన్ని గుర్తించాడు. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడయ్యాడు. నన్ను ఆకర్షించినది ఆయన బిరుదులు కావు. పగలు దొరల దుర్భిణి దగ్గర ఉద్యోగం చేసి వచ్చి, పంచాంగాన్ని అవతల పారేయమని ఆయన అనలేదు, దిద్దుదామన్నాడు. వేధశాల గణితంతో దృగ్గణిత పంచాంగం వెలువరించాడు. దృక్ అంటే చూపు. చూసినదానికి సరిపోయే లెక్క అని అర్థం. పాత వాక్య పంచాంగం వారు ఎదిరించారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటినప్పుడు జనానికి అర్థమయ్యేలా ఇంగ్లీషులోనూ దేశభాషల్లోనూ చిన్న పుస్తకం వేశాడు. 1880లో కాలం చేశాడు. అదే శుక్ర సంక్రమణాన్ని విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు, తన మామగారు గోడే వెంకట జగ్గారావు గారు నెలకొల్పిన వేధశాల నుంచి పరిశీలించారు. ఇద్దరూ సంప్రదాయ కుటుంబాలవారే.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పని ప్రభుత్వం చేపట్టింది. దేశంలో సుమారు 30 రకాల పంచాంగాలు ఉన్నందున 1952లో మేఘనాథ్ సాహా గారి అధ్యక్షతన క్యాలెండరు సంస్కరణ సంఘం వేశారు. 1955లో నివేదిక వచ్చింది. 1957 మార్చి 22 నుంచి శక సంవత్సరం జాతీయ క్యాలెండరు అయింది. గెజెట్ల మీద ఆ తేదీ మనం చూసినదే. తెలుగుతో సహా పలు భాషల్లో రాష్ట్రీయ పంచాంగం వెలువడింది. అయినా పాత గణితం వారు పాతగానే, దృగ్గణితం వారు దృగ్గణితంగానే కొనసాగారు. తిథిలో కొన్ని గంటల తేడా వచ్చి, ఒకే పండుగ రెండు రోజులు వస్తుంది. ఏటా సెలవుల జాబితా వచ్చాక ఆఫీసులో సగం మంది ఒక రోజని, సగం మంది మరో రోజని వాదించుకోవడం మీ అందరికీ అనుభవమే.

1980 ఫిబ్రవరి 16న మళ్ళీ సంపూర్ణ సూర్యగ్రహణం మన రాష్ట్రం మీదుగా వెళ్ళింది. హైదరాబాదు దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాలకు శాస్త్రజ్ఞులు తరలివచ్చారు. అప్పటికి నేను ఉద్యోగంలో కుదురుకున్నాను. మధ్యాహ్నానికి మా ఊరి వీధుల్లో కుక్క కూడా లేదు. ఇంట్లో మా అమ్మ ఆవకాయ జాడీల మీద దర్భలు వేసి, పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. నిలబడింది గనుక గ్రహణం పట్టిందన్నది. మరునాడు నేను మామూలు రోజున నిలబెట్టి చూపించాను, నిలబడింది. మా అమ్మ నవ్వి, "నువ్వు నిలబెట్టావు కాబట్టి నిలబడిందిరా, నిన్న అదే నిలబడింది" అన్నది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. చెప్పాలని ఇప్పుడు అనిపించడం లేదు కూడా. రోకలి వల్ల ఎవరికీ నష్టం లేదు.

నష్టం ఉన్నచోట మాత్రం ఊరుకోకూడదు. గ్రహణం పేరుతో నిండు గర్భిణిని గంటల తరబడి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా చీకటి గదిలో ఉంచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మనలో షుగరు ఉన్నవారు మాత్ర వేసుకుని, భోజనం మాత్రం విడుపు దాకా మానేస్తున్నారు. బాలురకు, వృద్ధులకు, రోగులకు నియమం నుంచి మినహాయింపు ధర్మశాస్త్రమే ఇచ్చింది. పంచాంగాల్లో కూడా అచ్చువేస్తారు. మన వయసులో మనం మూడింట రెండు వర్గాల్లో ఉన్నాం! నల్ల అద్దం లేకుండా సూర్యుణ్ణి చూడవద్దన్నది మాత్రం శాస్త్రం మాటే, దాన్ని తప్పక పాటించాలి. అదీ మామూలు చలువ కళ్ళద్దం కాదు, గ్రహణం కోసమే తయారైనది.

నేటికీ గ్రహణం రోజున తిరుమల ఆలయం తలుపులు మూస్తారు. శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారు. రెండూ ఆచారాలే. కానీ ఏ గంటకు, ఏ నిమిషానికి అన్నది చెప్పేది గణితం. ఏ సిద్ధాంతి గారూ దానితో తగవు పెట్టుకోరు, ఎందుకంటే ఆ రోజు పెట్టె అందరి ఎదుటా తెరుచుకుంటుంది. మిగిలిన రోజుల్లో కూడా అలా తెరిచి చూసుకునే ధైర్యం ఉండాలన్నదే రఘునాథాచారి కోరిక అని నాకు తోస్తుంది. పుస్తకాన్ని గౌరవించినవాడే తేడాను రిజిస్టరులో ఎక్కిస్తాడు. తేడా దాచినవాడు పుస్తకాన్నీ కాపాడలేడు, పెట్టెనూ కాపాడలేడు. ఈసారి గ్రహణం వచ్చినప్పుడు మనుమల్ని లోపలికి పిలిచే ముందు, అది ఎందుకు పడుతుందో దీపం, నిమ్మకాయ, రేగిపండుతో ఒకసారి చూపించండి. తరువాత స్నానం చేయించదలిస్తే చేయించండి. పెద్దలు నా మాటల్లో మంచిని గ్రహించగలరని మనవి.