మారిషస్ సముద్ర సరిహద్దులు, ద్వీప వివాదాలు

నైరుతి హిందూ మహాసముద్రంలోని మారిషస్ భూభాగం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. చేపలు, సముద్రగర్భ ఖనిజాలపై తనకు హక్కుందని ఆ దేశం చెప్పే సముద్ర ప్రాంతం మాత్రం దాదాపు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. ప్రధాన ద్వీపం, రోడ్రిగ్స్, అగలేగా, సెయింట్ బ్రాండన్ దాని ఏలుబడిలో ఉన్నాయి. ఛాగోస్ ద్వీపసమూహం, ట్రోమెలిన్ కూడా తమవేనని మారిషస్ రాజ్యాంగం పేర్కొంటోంది. దీవి ఎవరిదన్న పేచీ లేని చోట సరిహద్దులు ఒప్పందాలతోనే తేలాయి. ఆ పేచీ ఉన్న చోట దశాబ్దాలు పట్టింది.

నేపథ్యం

1810లో బ్రిటన్ ప్రధాన ద్వీపాన్ని ఫ్రెంచివారి నుంచి గెలుచుకుంది. 1814 పారిస్ సంధితో మారిషస్, దాని అధీనంలోని చిన్న దీవులు బ్రిటన్ పరమయ్యాయి. 1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమైంది.

ఒప్పందాలతో తేలినవి

రీయూనియన్ వైపు సరిహద్దుపై 1980లో ఫ్రాన్స్‌తో, ఉత్తరాన 2008లో సీషెల్స్‌తో ఒప్పందాలు కుదిరాయి. మాస్కరీన్ పీఠభూమి ప్రాంతంలో సుమారు 3,96,000 చదరపు కిలోమీటర్ల ఖండతీరపు అంచును ఉమ్మడిగా నిర్వహించుకునేందుకు మారిషస్, సీషెల్స్ 2012లో సంతకాలు చేశాయి.

ట్రోమెలిన్

చదరపు కిలోమీటరు మేర ఉన్న ఈ ఇసుక దీవి ఫ్రాన్స్ ఆధీనంలో ఉంది. 1954లో ఫ్రాన్స్ ఇక్కడ వాతావరణ కేంద్రం నెలకొల్పింది. 1814 సంధి ప్రకారం ఇదీ బ్రిటన్‌కు, ఆ తర్వాత తమకు సంక్రమించిందన్నది మారిషస్ వాదన. 2010లో ఉమ్మడి నిర్వహణకు ఒప్పందం కుదిరినా ఫ్రెంచ్ పార్లమెంటు ఆమోదముద్ర వేయలేదు.

ఛాగోస్

స్వాతంత్ర్యానికి ముందే, 1965 నవంబరు 8న, బ్రిటన్ ఛాగోస్‌ను మారిషస్ నుంచి విడదీసింది. ఇందుకు 30 లక్షల పౌండ్లు చెల్లించింది. మరుసటి ఏడు ఆ సమూహంలోని డియెగో గార్సియా దీవిని సైనిక అవసరాల కోసం అమెరికాకు అప్పగించేందుకు అంగీకరించింది. 1968-1973 మధ్య దీవుల్లోని జనాన్నంతా వెళ్లగొట్టారు.

2010లో బ్రిటన్ ఛాగోస్ చుట్టూ సముద్ర రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. సముద్ర చట్టాల ఒడంబడిక కింద మారిషస్ మధ్యవర్తిత్వాన్ని ఆశ్రయించగా, ఆ ప్రకటన చట్టవిరుద్ధమని 2015లో తీర్పు వచ్చింది. విభజన చట్టబద్ధం కాదని, బ్రిటన్ తన పాలనను వీలైనంత త్వరగా ముగించాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2019 ఫిబ్రవరి 25న 13-1 తేడాతో సలహాపూర్వక అభిప్రాయమిచ్చింది. ఆ మే నెలలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 116-6 ఓట్లతో దాన్ని సమర్థించింది. వ్యతిరేకించిన వాటిలో మాల్దీవులు ఒకటి.

మాల్దీవులతో సరిహద్దు

ఛాగోస్‌పై వివాదం తెగనిదే సరిహద్దు గీయలేమని మాల్దీవులు అభ్యంతరం చెప్పింది. సముద్ర న్యాయ ట్రైబ్యునల్ ప్రత్యేక ధర్మాసనం 2021లో దాన్ని తోసిపుచ్చింది. 2023 ఏప్రిల్‌లో వివాదాస్పద ప్రాంతాన్ని పంచుతూ మాల్దీవులకు 47,232, మారిషస్‌కు 45,331 చదరపు కిలోమీటర్లు కేటాయించింది. 200 నాటికల్ మైళ్లు దాటిన ఖండతీరపు అంచుపై మారిషస్ కోరిక నెరవేరలేదు.

2025 ఒప్పందం

2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం ఛాగోస్‌పై సార్వభౌమాధికారం మారిషస్‌ది. డియెగో గార్సియా స్థావరం 99 ఏళ్లపాటు బ్రిటన్ నిర్వహణలో ఉంటుంది. ఇందుకు ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు చెల్లించాలి. ఒప్పందం అమల్లోకి రావాలంటే ఇరు దేశాల్లోనూ లాంఛనంగా ఆమోదం పొందాలి.