అర్ధణా ముచ్చట్లు

మన ఇళ్ళల్లో పొద్దున ఫజర్ నుంచి రాత్రి పడుకునే దాకా ఫోన్లో దోస్తులతో నడిచే మాటలు ఏముంటాయి? తన్‌ఖా ఇంకా పడలేదు. మేనేజర్ ఊరికే నారాజ్ అవుతున్నాడు. వానకి గోడ చెమ్మ ఎక్కింది. అమ్మీకి షుగర్ పెరిగింది. నువ్వెలా ఉన్నావ్ భాయ్, చాలా రోజులైంది జవాబ్ లేదు. వీటిని ఎవరూ తారీఖ్ అనరు. తారీఖ్ అంటే బాద్షాలు, జంగులు, ఖిల్లాలు.

మిర్జా గాలిబ్ సంగతి చూస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. 1850లో బహాదుర్ షా జఫర్ ఆయన్ని కొలువులో పెట్టుకుని, మొగల్ ఖాందాన్ తారీఖ్ ఫార్సీలో రాయమన్నాడు. నెలకు 50 రూపాయల తన్‌ఖా, పొడవాటి ఖితాబులు. దాని మొదటి హిస్సా ‘మెహ్రె నీమ్‌రోజ్’ 1854లో అచ్చయింది. రెండో హిస్సా రానేలేదు. నిజం చెప్పాలంటే ఆ కితాబ్‌ని ఈరోజు ఫార్సీ పండితులు తప్ప ఎవరూ తెరవరు. అదే గాలిబ్ సాబ్ దోస్తులకు తీరిక దొరికినప్పుడల్లా ఉర్దూలో రాసి పడేసిన ఖత్‌లను మాత్రం జనం నూటయాభై ఏళ్ళు దాటినా చదువుతూనే ఉన్నారు. జీతం ఇచ్చి రాయించుకున్న తారీఖ్ అటకెక్కింది, హాల్‌చాల్ అడుగుతూ రాసిన ముచ్చట్లు తారీఖ్ అయ్యాయి.

ఇందులో తపాలా బిళ్ళకు పెద్ద భాగం ఉంది. 1854కు ముందు ఖత్‌కు ఖర్చు దూరాన్ని బట్టి ఉండేది. ఎంత దూరమైతే అంత పైకం. ఆ ఏడాది కొత్త పోస్టాఫీసు కానూన్ వచ్చింది. అక్టోబర్ 1 నుంచి పావు తులం బరువున్న ఖత్ హిందుస్తాన్‌లో ఎక్కడి నుంచి ఎక్కడికైనా అర్ధణాకే పోతుంది. పావు తులం అంటే మూడు గ్రాములు కూడా కాదు, ఒక పల్చటి కాగితం అంతే. పక్క ఊరికైనా హైదరాబాద్‌కైనా ఒకటే ధర. ఏదో ముఖ్యమైన పని ఉంటే తప్ప ఖత్ రాయని జమానా పోయి, పని లేకపోయినా రాసే జమానా వచ్చింది. మన చిన్నప్పటి ఎస్టీడీ బూతు పోయి ఫోన్ చేతిలోకి వచ్చినట్టు అనుకోండి.

ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళు ఖత్ ఫార్సీలో రాసేవారు. మొదటి సగం కాగితం అల్‌ఖాబ్‌కే, అంటే బిరుదులకే సరిపోయేది. మిర్జా కూడా చాలా ఏళ్ళు అలాగే రాశారు. 1850 చుట్టుపక్కల ఉర్దూలోకి మారాక ఆ తకల్లుఫ్ అంతా తీసి పక్కన పెట్టేశారు. ‘భాయ్’ అనో ‘మియా’ అనో ఒక పిలుపు, తర్వాత నేరుగా మాట. ఒక్కోసారి ఆ పిలుపు కూడా ఉండదు. మీర్ మెహ్దీ మజ్రూహ్‌కి రాసిన ఒక ఖత్‌లో ఇద్దరు మనుషులు గదిలో కూర్చుని వాదించుకుంటున్నట్టు సంభాషణే రాశారు, నాటకంలా. ఖత్ అంటే సగం ములాఖాత్ అని మన బుజుర్గులు అనేవారు. మిర్జా దాన్ని పూర్తి ములాఖాత్ చేసేశారు. ఈ సంగతి ఆయనకూ తెలుసు. ఆగ్రాలో ఉండే హాతిమ్ అలీ మెహ్ర్‌కు రాస్తూ, ఖత్‌ని మాట్లాడుకోవడంగా మార్చింది నేనే అని గొప్పగానే చెప్పుకున్నారు.

మరి ఏం మాట్లాడుకున్నారు? ఎక్కువగా పైసల ఫిక్రే.

గాలిబ్‌కు బాల్యంలోనే అబ్బా పోయారు. పెంచిన చిన్నాన్న నస్రుల్లా బేగ్ కూడా 1806లో పోయారు. ఆయన ఇంగ్లీషు ఫౌజ్‌తో ఉన్నవాడు కాబట్టి ఖాందాన్‌కు పింఛన్ ఇచ్చారు. అందులో మిర్జా వాటా ఏడాదికి 750, అంటే నెలకు అరవై రెండున్నర రూపాయలు. తనకు రావాల్సింది ఇంకా ఎక్కువ, మధ్యలో ఎవరో తినేశారు అని ఆయన జిందగీ అంతా నమ్మారు. దాని కోసమే 1826లో బయల్దేరి, లక్నో, బనారస్ మీదుగా కలకత్తా వెళ్ళి, 1829 ఆఖర్లో తిరిగొచ్చారు. మూడేళ్ళు! కచేరీల చుట్టూ తిరిగి, కర్జా పెంచుకుని, చివరికి ఓడిపోయారు. సర్కారీ ఆఫీసులో ఒక్క సంతకం కోసం ఏళ్ళు తిరిగినవాళ్ళకు ఇది అర్థమవుతుంది.

నౌకరీ ఛాన్స్ వచ్చింది ఒకసారి. 1842లో ఢిల్లీ కాలేజీలో ఫార్సీ ఉస్తాద్ కొలువు, నెలకు నూరు రూపాయలు. పాల్కీలో వెళ్ళి, థామ్సన్ దొర బయటికొచ్చి స్వాగతం చెప్తాడని ఎదురుచూశారు. దర్బార్‌కు వచ్చినప్పుడు అలా చేస్తాం, నౌకరీకి వచ్చినప్పుడు చేయం అని దొర అన్నాడట. ఇజ్జత్ పెరుగుతుందని నౌకరీకి వస్తే ఉన్న ఇజ్జత్ కూడా పోతుందా అని మిర్జా వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశారు. ఈ కిస్సాను ఖుద్దారీకి మిసాల్‌గా చెబుతారు. నాకైతే ఆ నెల ఇంట్లో చూలా ఎలా వెలిగించాలో ఆలోచించిన ఉమ్రావ్ బేగం కూడా గుర్తొస్తారు. ఆమె కని పోగొట్టుకున్న బిడ్డలు ఏడుగురు, ఒక్కరూ పదిహేను నెలలు దాటలేదు. మిర్జా ఖత్‌లలో ఆమె మీద చమత్కారాలున్నాయి. ఆమె మాట మాత్రం మనకు ఎక్కడా వినపడదు.

ఆ తర్వాత గదర్ వచ్చింది. 1857 మేలో పింఛన్ ఆగిపోయింది. సెప్టెంబర్‌లో ఢిల్లీ ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కాక ఊరే ఖాళీ అయింది. బయటికి గెంటేసిన ముస్లింలను మళ్ళీ లోపలికి రానివ్వడానికి చాలా కాలం పట్టింది. మిర్జా ఉన్న గల్లీలో పటియాలా రాజు దగ్గర కొలువు చేసే హకీములు ఉండేవారు. ఆ రాజు తన సిపాయీలను కాపలా పెట్టడంతో ఆ గల్లీ బతికింది. అదే అక్టోబర్‌లో మతిస్థిమితం లేని తమ్ముడు యూసుఫ్ పోయాడు. దోస్త్ సహబాయీని తుపాకీతో కాల్చేశారు. ఫజ్లె హఖ్ ఖైరాబాదీ అండమాన్‌లో 1861లో ఇంతెఖాల్ అయ్యారు. షేఫ్తా జైలు పాలయ్యారు. మజ్రూహ్ పానిపట్ చేరాడు. ఇంట్లో బట్టలు, పరుపులు అమ్ముకుని తినాల్సి వచ్చిందని మిర్జానే రాసుకున్నారు.

ఎదురుగా కూర్చుని మాట్లాడే దోస్త్ ఒక్కడూ మిగలని ఈ సమయంలోనే ఖత్‌లు వరదలా వచ్చాయి. ఆ తన్హాయీలో ఖత్‌ల ఆసరాతోనే బతుకుతున్నానని, డాకియా లిఫాఫా ఇస్తే ఆ దోస్తే ఇంటికి వచ్చినట్టు ఉంటుందని తఫ్తాకు రాశారు. ఈ తఫ్తా అసలు పేరు మున్షీ హర్‌గోపాల్, కాయస్థుడు, సికిందరాబాద్ మనిషి. మన సికింద్రాబాద్ కాదు, బులంద్‌షహర్ వైపున్నది. ఉస్తాద్ ప్రేమతో ఆయన్ని ‘మిర్జా తఫ్తా’ అని పిలిచేవారు. జవాబ్ రెండు రోజులు ఆలస్యమైతే అలిగేవారు కూడా. మనం నీలం టిక్కు చూసి అలిగినట్టే.

వానాకాలంలో కప్పు కారి, గిన్నెలు ఎక్కడ పెట్టాలో తెలియక, కితాబులను ఎక్కడ దాచాలో తెలియక పడిన అవస్థ ఒక ఖత్‌లో ఉంటుంది. ఆకాశంలో వాన ఆగినా ఇంట్లో వాన ఆగదని నవ్వుతారు. ఫలానా బజార్ పడగొట్టారు, ఫలానా బావి పూడ్చేశారు, ఫలానావాడికి ఇల్లు తిరిగి దక్కిందని ఇంకొన్నింటిలో ఉంటుంది. 1277 హిజ్రీలో తన మౌత్ వస్తుందని ముందే లెక్కగట్టి చెప్పుకున్నారు. ఆ ఏడాది ఢిల్లీలో వబా వచ్చింది, ఆయన మాత్రం బతికారు. అదేమిటని మజ్రూహ్ ఆటపట్టిస్తే, అందరితో పాటు వబాలో పోవడం నాకు తగదని జవాబిచ్చారు. షరాబ్ సంగతి కూడా దాచలేదు. అది నాకు నచ్చే విషయం కాదు. కానీ తన గురించి అబద్ధం రాయని మనిషి మిగతావి కూడా నిజమే రాసి ఉంటాడన్న భరోసా దానివల్లే కలుగుతుంది.

పైసల కథ చివరికి కొంచెం సర్దుకుంది. 1859 జూలై నుంచి రాంపూర్ నవాబ్ నెలకు నూరు పంపించారు. 1860 మేలో పింఛన్ మళ్ళీ మంజూర్ అయింది, మూడేళ్ళ బకాయీతో సహా. ఆ బకాయీ ఎలా వచ్చిందో అలాగే కర్జాదార్ల చేతికి పోయింది. ఎవరికెంత పోయిందో ఆ హిసాబ్ కూడా దోస్తుకు ఖత్‌లో రాశారు.

ఇందులో మన దక్కన్ ముక్క ఒకటుంది. హైదరాబాద్‌లో సాలార్ జంగ్ కొలువులో హబీబుల్లా జకా అనే షాయర్ ఉండేవాడు, మిర్జాకు దూరపు షాగిర్ద్. అతనికి రాసిన ఒక ఖత్‌లో మిర్జా తన ఖాందాన్ కథంతా చెప్పారు. తన అబ్బా అబ్దుల్లా బేగ్ ఒకప్పుడు హైదరాబాద్ వచ్చి నిజాం అలీ ఖాన్ దగ్గర 300 గుర్రపు సిపాయీలతో కొన్నేళ్ళు నౌకరీ చేశారని, అక్కడి తగాదాల్లో ఆ కొలువు పోతే ఆల్వార్ వెళ్ళి అక్కడి జంగ్‌లో చనిపోయారని. నౌకరీ పోయి ఇంకో ఊరికి వెళ్ళడం, ఆ ఊరి నుంచి తిరిగి రాకపోవడం. గల్ఫ్ చూసిన మన ఇళ్ళకు ఇది కొత్త కథ కాదు.

1858లోనే తఫ్తా, ఆగ్రా ప్రెస్సున్న శివనారాయణ్ ఆరామ్ ఈ ఖత్‌లను అచ్చు వేద్దామన్నారు. మిర్జా ససేమిరా అన్నారు. ఏదో తోచినట్టు రాసినవి, మన మధ్య మాటలు, జనంలో పెడితే షాయర్‌గా నా పేరు పోతుంది అన్నారు. ఆయన కాదన్నా దోస్తులు కాగితాలు పారేయలేదు, దాచిపెట్టారు. అందుకే అవి మనదాకా వచ్చాయి. దోస్తులు ఆయనకు రాసినవి మాత్రం చాలావరకు పోయాయి. మనం ఫోన్లో ఒకవైపు మాట మాత్రమే వింటున్నట్టు ఉంటుంది ఈ ముచ్చట. తర్వాత మిర్జా మెత్తబడ్డారు. 1868 అక్టోబర్‌లో మేరఠ్‌లో ‘ఊదె హిందీ’ వచ్చింది. రెండో సంపుటి ‘ఉర్దూయె ముఅల్లా’ పని ఢిల్లీలో మొదలైంది.

అప్పటికి చెవులు వినపడవు, చేయి వణుకుతుంది. ఆఖరి రోజుల్లో గంటల తరబడి స్పృహ ఉండేది కాదు. పోయే ముందురోజు కాస్త తెలివొచ్చినప్పుడు, లోహారూ నుంచి తబియత్ ఎలా ఉందని అడిగిన అలాయీకి జవాబ్ చెప్పి రాయించారని హాలీ రాశారు. నా హాల్ నన్నెందుకు అడుగుతావు, ఒకటి రెండు రోజులాగి పొరుగువాళ్ళను అడుగు అని దాని మతలబ్. మర్నాడు, 1869 ఫిబ్రవరి 15న ఇంతెఖాల్ అయ్యారు. ‘ఉర్దూయె ముఅల్లా’ ఆ తర్వాత పందొమ్మిది రోజులకు ప్రెస్సు నుంచి బయటికొచ్చింది.