రూపచిత్రాలు వేయించడం (మ్యూజియంలు)

ఒక వ్యక్తి పోలిక తెలిసేలా వేసిన బొమ్మ రూపచిత్రం. చిత్రకారులు దీన్ని పోర్ట్రెయిట్ అంటారు. ప్రజల సొమ్ముతో నడిచే చిత్రశాల తానే పూనుకుని ఒక ప్రముఖుని బొమ్మ వేయించాలంటే, ఎవరి బొమ్మ, ఎవరిచేత అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఆ మనిషిని ఎదుట కూర్చోబెట్టి వేయించడమా, ఫొటో చూసి వేయించడమా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

తిరుమల ఆలయంలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహవిగ్రహాలు 16వ శతాబ్దంలోనే ఈ కోరిక ఉండేదని చెబుతాయి. గోల్కొండ సుల్తానులు, ఆ తర్వాత హైదరాబాదు నవాబులు తమ పోలికలు వేయించుకున్నారు. కంపెనీ పాలనలో మద్రాసు చేరిన థామస్ హికీ, 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు కొడుకుల బొమ్మలు వేశాడు. అతడే 1816లో వేసిన కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ చిత్రం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ సొత్తు. అందులో మెకంజీ పక్కన నిలిచిన వారిలో ఒకరిని ఏలూరు వారైన కావలి సోదరుల్లోని లక్ష్మయ్యగా కొందరు చరిత్రకారులు గుర్తించారు. తర్వాతి కాలంలో రవివర్మ మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు బొమ్మ వేశాడు.

ఈ పనికి ప్రత్యేకంగా వెలసిన సంస్థల్లో లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ (1856) ప్రసిద్ధం. చిత్రం అందం కన్నా అందులోని మనిషి ఘనతే ముఖ్యమని అది మొదటే నియమం పెట్టుకుంది. రాజు, రాణి తప్ప బతికున్నవారి బొమ్మలకు అక్కడ చాలాకాలం చోటు లేదు. 1969లో ఆ నియమం తీసేశారు. ఇప్పుడు ఎవరి బొమ్మ వేయించాలో ధర్మకర్తల మండలి ఆమోదిస్తుంది. చిత్రకారుల పేర్లు ఆ వ్యక్తితో మాట్లాడి ఖాయం చేస్తారు. 1980లో మొదలైన వార్షిక పోటీలో గెలిచినవారికి బహుమతితో పాటు గ్యాలరీ కోసం ఒక బొమ్మ వేసే పని కూడా అప్పగించేవారు. 1968లో తెరిచిన వాషింగ్టన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలోనూ అధ్యక్షులను మినహాయిస్తే, చనిపోయి పదేళ్లు గడిచినవారికే చోటుండేది. 2001లో ఆ కట్టుబాటు తొలగింది.

మనిషిని ఎదుట నిలిపి వేసే విద్య కథ గోదావరి సీమలో కూల్డ్రేతో మొదలవుతుంది. ఆస్వాల్డ్ కూల్డ్రే (1882–1958) 1909 నుంచి 1919 వరకు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు. తానూ బొమ్మలు వేసేవాడు, శిష్యుల చేతి పనితనం గుర్తుపట్టేవాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. దామెర్ల రామారావు (జననం 1897 మార్చి 8) గీసిన బొమ్మలు చూసి, ఈ కుర్రాడి చోటు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ అని నిశ్చయించి, 1916లో అక్కడికి పంపించాడు. ఆ స్కూల్లో గ్లాడ్‌స్టన్ సాలమన్ 1919లో సజీవ మోడళ్లను ఎదుట నిలిపి గీయించే తరగతి పెట్టాడు. మనిషిని చూసి వేయడమన్న ఆ క్రమశిక్షణ రామారావు చదువు ముగిసే ఏళ్లలోనే అక్కడ పాదుకుంది. తర్వాత ఆయన కథియవాడ్ ప్రాంతం తిరిగి మనుషులను గీశాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన ఋష్యశృంగుని చిత్రానికి బహుమతి వచ్చింది. 1924 వెంబ్లీ ప్రదర్శనకూ ఆయన చిత్రాలు వెళ్లాయి. సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టి పిల్లలకు నేర్పుతూ, 1925 ఫిబ్రవరి 6న మశూచితో కన్నుమూశాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు.

ఆయన పని చెదిరిపోకుండా నిలబెట్టిన ఘనత భార్య సత్యవాణికీ మిత్రుడు వరదా వెంకటరత్నానికీ దక్కుతుంది. వెంకటరత్నం బడిని నడిపి ఇంకో తరం చిత్రకారులను తయారుచేశాడు. రాజమండ్రిలోని దామెర్ల ఆర్ట్ గ్యాలరీ ఇలా రూపుదిద్దుకుంది. ఇప్పుడది ప్రభుత్వ ఆధీనంలో ఉంది. రామారావు చిత్రాలతో పాటు సత్యవాణి, ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, వెంకటరత్నం వేసినవీ అక్కడున్నాయి. ప్రముఖుల బొమ్మలు వేయించడానికి పుట్టిన సంస్థ కాదిది. అయినా మనిషిని మనిషిగా చూసి గీసే విద్యను తెలుగునాట ఒక ఊరి కృషితో నిలిపిన చోటు ఇదే. పోర్ట్రెయిట్ వేయించదలచిన ఏ సంస్థకైనా మొదట కావలసింది అలాంటి చేయి.

స్వాతంత్ర్యం తర్వాత ప్రముఖుల బొమ్మలు వేయించే బాధ్యత ఎక్కువగా ప్రభుత్వాల మీద పడింది. ఆస్వాల్డ్ బర్లీ వేసిన గాంధీ చిత్రాన్ని 1947 ఆగస్టు 28న ఢిల్లీలోని పార్లమెంటు సెంట్రల్ హాలులో ఆవిష్కరించారు. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం (1951) నవాబుల కుటుంబ చిత్రాలను ప్రజల ముందు ఉంచింది. 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ట్యాంక్‌బండ్ మీద నిలిపిన 33 మంది ప్రముఖుల విగ్రహాలు, కుంచె కాక ఉలి పని అయినా, తెలుగునాట ప్రభుత్వం ఒక్కసారిగా వేయించిన అతిపెద్ద రూపమాలిక అనదగ్గవి. గోదావరి సీమకు సంబంధించి వారిలో నన్నయ, ఆర్థర్ కాటన్, రఘుపతి వెంకటరత్నం నాయుడు ఉన్నారు. కాటన్‌కూ నాయుడికీ పోలిక చూసుకోవడానికి పాత చిత్రాలు ఉన్నాయి. పదకొండో శతాబ్దపు నన్నయకు అలాంటి ఆధారమేదీ లేదు. ఆ ముఖం పూర్తిగా శిల్పి ఊహ. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమ ప్రదర్శనలో ఈ విగ్రహాల్లో పలువురివి దెబ్బతిన్నాయి; తర్వాత వాటిని మళ్లీ నిలిపారు.