కదిలే బండి మీద కెమెరా

1896లో లూమియేర్ సంస్థ కెమెరామన్ అలెగ్జాండర్ ప్రోమియో వెనిస్ గ్రాండ్ కెనాల్‌లో పడవ మీద నుంచి చిత్రం తీశాడు. కదిలే వాహనం మీదికి కెమెరా ఎక్కిన తొలి సందర్భాల్లో అదొకటి. మరుసటి ఏడే అమెరికాలో రైలింజను ముందు కెమెరా బిగించి సొరంగంలోకి తీసుకెళ్లారు. అదురు తగ్గించే పరికరాలు అప్పటికి లేవు. నున్నగా సాగే బండిని వెతుక్కోవడమే ఉన్న దారి.

ఆ వెతుకులాట విలువ 1906లో మైల్స్ సోదరులు శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ స్ట్రీట్‌లో తీసిన చిత్రంలో తెలుస్తుంది. వాళ్లు ఎంచుకున్నది కేబుల్ కారు. దానికి సొంత ఇంజను ఉండదు. రోడ్డు కింద ఎడతెగకుండా నడిచే ఇనుప తాడును పట్టుకుని సాగుతుంది. అందువల్ల ఇంజను అదురు కెమెరాకు సోకలేదు. గుర్రపు బళ్లూ మోటారు కార్లూ అడ్డం వస్తూ పోతూ ఉంటే, వీధి చివర ఫెర్రీ భవనం గడియారపు గోపురం మెల్లమెల్లగా పెద్దదవుతుంది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 18 భూకంపంలోనూ ఆపై మంటల్లోనూ ఆ వీధి చాలావరకు నాశనమైంది. పాత నగరం ఇంత స్పష్టంగా కళ్లకు కట్టడంలో ఆ బండి నిలకడకూ వాటా ఉంది.

హెలికాప్టర్ వచ్చాక ఇలా నున్నగా సాగే బండిని ఎంచుకునే వీలు పోయింది; దాని అదురును కెమెరా అమరికే తట్టుకోవాలి. ఫ్రాన్స్‌లో అల్బేర్ లామోరిస్ హెలికాప్టర్ నుంచి అదురు లేకుండా తీసే తన హెలివిజన్ పద్ధతితో 1960లో బెలూన్ ప్రయాణం కథను ఆకాశం నుంచి తీశాడు. అమెరికాలో నెల్సన్ టైలర్ చేసిన హెలికాప్టర్ కెమెరా అమరికకు 1964 సంవత్సరపు అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. ఇలాంటి అమరికల్లో కీలకం తూకం. కెమెరా సెంటీమీటరు పక్కకు జరిగితే దూరపు కొండ కదిలినట్టే ఉండదు. ఒక్క డిగ్రీ తిరిగితే మాత్రం 100 మీటర్ల దూరాన దృశ్యం సుమారు 1.75 మీటర్లు పక్కకు పోతుంది. గురుత్వ కేంద్రం దగ్గర పట్టి నిలిపిన కెమెరాను వాహనపు తోపు సులువుగా తిప్పలేదు.

అదురు తగ్గించడానికి కెమెరాను స్ప్రింగుల మీద నిలిపినా అన్ని కుదుపులూ తీరవు. స్ప్రింగు మీద ఉన్న కెమెరాకు తనదైన ఊగే వేగం ఒకటుంటుంది. అంతకన్నా బాగా వేగంగా వచ్చే అదురును స్ప్రింగు మింగేస్తుంది. రెండు వేగాలూ కలిస్తే ఊపు ఇంకా పెరుగుతుంది. రోడ్డు గతుకుల్లో వచ్చే నెమ్మది కుదుపులకు ఉత్త స్ప్రింగులు చాలకపోవడానికి కారణమిదే.

ఆ లోటును గైరోలు తీర్చాయి. గైరో వంపును పసిగట్టగానే మోటార్లు కెమెరాను అంతే మేర వెనక్కి తిప్పుతాయి. కారు పైకప్పు మీద క్రేను, దాని కొసన గైరో అమరిక ఉన్న ‘రష్యన్ ఆర్మ్’కు ఉక్రెయిన్ ఇంజనీరు అనతోలి కోకుష్ 2006లో అకాడమీ సాంకేతిక పురస్కారం అందుకున్నాడు. దీన్ని నడిపేవాళ్లు కారులోపలే కూర్చుని, తెర చూస్తూ షాట్ తీస్తారు.