పెట్టె మీద పేరు

ఈ దేశంలో పిల్లలను మ్యూజియంలకు తీసుకువెళ్ళినప్పుడు మనం తుపాకులనూ, ఓడల నమూనాలనూ, నాయకుల పటాలనూ తీరిగ్గా చూస్తాం. పాత పెట్టెలూ బీరువాలూ ఉన్న గదిని మాత్రం గబగబా దాటిపోతాం. నిజానికి అక్కడ కూడా చదువదగిన చరిత్ర చాలా ఉంది.

మసాచుసెట్స్‌లో కనెక్టికట్ నది ఒడ్డున 1659లో హాడ్లీ అనే ఊరు వెలసింది. ఆ నదీలోయలో సుమారు 1680 నుంచి 1740 వరకు వడ్రంగులు చేసిన ఒక తరహా పెట్టెలకు ఆ ఊరి పేరే వచ్చింది. పచ్చి ఓక్ దుంగను నిలువునా చీల్చి బద్దలు తీసేవారు. ఒక బద్దకు బెజ్జం తొలిచి, మరొకదాని కొసను పలచగా చెక్కి అందులో దూర్చి, అడ్డంగా కర్రమేకు దిగగొట్టేవారు. కర్ర ఆరినకొద్దీ ఆ అతుకు బిగిసేది. ముందు భాగమంతా, కాస్త చోటైనా వదలకుండా, తులిప్ పువ్వులూ ఆకులూ చెక్కేవారు. నమూనా పెట్టి గీసుకొని, బొమ్మ చుట్టూ ఉన్న చెక్కను కొద్ది లోతున తీసేవారు. ఆ పూల నడుమ తరచుగా రెండు అక్షరాలు కనిపిస్తాయి.

అవి వడ్రంగి పేరు కావు. ఎక్కువగా పెళ్ళీడు పిల్ల పేరుకూ, ఆమె పుట్టింటి పేరుకూ మొదటి అక్షరాలు. ఆ రోజుల్లో పొలం చాలావరకు కొడుకులకే దక్కేది. కూతురికి పెట్టె, దుప్పట్లు, వంటసామాను. పెళ్ళయితే అవి కూడా చట్టప్రకారం భర్తవే. ఇంటిపేరు సరేసరి.

హాడ్లీకి చెందిన హానా బార్నార్డ్ బీరువా మీద రెండక్షరాలు కాదు, పూర్తి పేరే పెద్ద అక్షరాలలో రంగులతో రాసి ఉంది. ఆమె 1715లో జాన్ మార్ష్‌ను పెళ్ళాడింది. కూతురు ఎబిగెయిల్‌ను కన్నాక 1717లో కన్నుమూసింది. బీరువా ఆ కూతురికి చేరింది. తల్లిని ఎరుగని ఆ ఎబిగెయిల్ తన బిడ్డకు హానా బార్నార్డ్ హేస్టింగ్స్ అని పేరు పెట్టుకుంది. నేడు ఆ బీరువా మిషిగన్ రాష్ట్రం డియర్‌బార్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది.

అమ్మమ్మల ఇత్తడి బిందెల మీద చెక్కిన పేర్లు చూసిన మనకు ఇది పరాయి సంగతి కాదు. ఈసారి వెళ్ళినప్పుడు ఆ గదిలో కాసేపు ఆగి, పెట్టె మీది అక్షరాలను పిల్లల చేత చదివిద్దాం. అవి ఎవరివో కూడా చెబుదాం.