కాంట్రాక్టు ఉద్యోగాలు – ఉద్యోగ, జీవన సంతృప్తి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగాన, ఉదయగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉన్న వరికుంటపాడు మెట్ట మండలం. వర్షాధార సేద్యం అధికంగా ఉండే ఇటువంటి ప్రాంతాలలో నెలనెలా అందే జీతమే అనేక కుటుంబాలకు ఆసరా. అందువల్ల కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల సంతృప్తిని జీతం మొత్తంతో మాత్రమే గాక, ఆ జీతం ఎంతకాలం కొనసాగుతుందన్న భరోసాతో కూడా అంచనా వేయవలసి ఉంటుంది.

రెండు విధానాలు

కాంట్రాక్టు పద్ధతిలో శాఖయే నిర్ణీత కాలానికి ఉద్యోగితో ఒప్పందం చేసుకుని, గడువు ముగిసిన పిదప పొడిగిస్తుంది. ఔట్‌సోర్సింగ్‌లో సిబ్బందిని ఏజెన్సీ సమకూరుస్తుంది. జీతం, భవిష్యనిధి చెల్లింపులు దాని ద్వారానే జరుగుతాయి. మధ్యవర్తుల ప్రమేయాన్ని తొలగించి సకాలంలో జీతాలు చెల్లించే ఉద్దేశంతో ఆంధ్రప్రదేశ్ ఔట్‌సోర్సింగ్ సేవల కార్పొరేషన్ 2020 జూలై 3న ప్రారంభమైంది.

చట్టాలు, తీర్పులు

తాత్కాలిక ఉద్యోగులకు క్రమబద్ధీకరణ హక్కుగా సంక్రమించదని ఉమాదేవి కేసులో 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. సమాన పనికి సమాన వేతన సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబరు 26న జగ్జీత్ సింగ్ కేసులో తీర్పు వెలువడింది. ఒప్పంద కాలం ముగిసినా మహిళా ఉద్యోగికి ప్రసూతి ప్రయోజనాలు పూర్తిగా చెల్లించాలని 2023 ఆగస్టు 17న అదే న్యాయస్థానం ఆదేశించింది. అర్హులైన కాంట్రాక్టు ఉద్యోగుల సర్వీసుల క్రమబద్ధీకరణకు రాష్ట్ర శాసనసభ 2023లో చట్టం చేసింది.

సంతృప్తిని నిర్ణయించే అంశాలు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2016 నాటి నివేదికలో ఇటువంటి ఉద్యోగాలలోని అభద్రతను 7 అంశాలుగా విభజించింది. అవి ఉద్యోగం, ఆదాయం, పనివేళలు, భద్రత–ఆరోగ్యం, సామాజిక భద్రత, శిక్షణ, ప్రాతినిధ్యం. చదువు, పిల్లల పెంపకం వంటి అవసరాల రీత్యా ఉద్యోగి స్వయంగా కోరుకున్న పనివేళల వెసులుబాటు సంతృప్తిని పెంచగలదు. వేరొక ఉద్యోగం లభించక అంగీకరించిన స్వల్పకాల ఒప్పందం మాత్రం ఇంటికీ ఆందోళనను వెంట తెస్తుంది. గడువు పొడిగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే ఉద్యోగి బిడ్డల చదువు, ఇంటి నిర్మాణం, బ్యాంకు రుణం వంటి నిర్ణయాలను వాయిదా వేసుకోక తప్పదు.

కనుక గడువుకు ముందే పొడిగింపు ఉత్తర్వులు జారీ చేయడం, నిర్ణీత తేదీన జీతం చెల్లించడం, భవిష్యనిధి జమలను క్రమం తప్పక పరిశీలించడం కార్యాలయాధికారుల స్థాయిలో పాటించదగిన చర్యలు. క్రమబద్ధీకరణ అంశం ఎలా ఉన్నప్పటికీ, ఈ మూడూ సక్రమంగా జరిగితే ఉద్యోగి కుటుంబానికి కొంతమేరకైనా నిశ్చింత కలుగుతుంది.